నెల్లూరు, ఒంగోలు నుంచి థీమ్ పార్కుకు: ఇంటిల్లిపాదీ వెళ్ళే రోజును ఎలా ప్లాన్ చేసుకోవాలి

మనకు అందుబాటులో ఉన్న పెద్ద థీమ్ పార్కులను సాధారణంగా ఉదయం 11 గంటలకు తెరిచి సాయంత్రం 6కి మూస్తారు. శని, ఆదివారాల్లో, పండగల్లో ఇంకో గంట ఉంచుతారు. అంటే మీరు కొనే టికెట్టుకు దక్కేది ఏడు గంటలు. భోజనానికి ఒక గంట, బట్టలు మార్చుకోవడానికి, లాకర్లకు, బాత్రూములకు కలిపి ఇంకో గంట తీసేస్తే మిగిలేది ఐదు. ఒక్కో పెద్ద రైడ్‌కు నలభై నిమిషాలు క్యూలో నిలబడాల్సి వస్తే ఆ ఐదు గంటల్లో ఎక్కేది ఆరేడు రైడ్లే. అదే పార్కులో రద్దీ లేని రోజు పది నిమిషాలకో రైడ్ దొరికితే పదిహేను దాకా ఎక్కొచ్చు. టికెట్టు డబ్బు దాదాపు అంతే, పడే ప్రయాణం అంతే.

అందుకే ప్లాన్ అంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. ఏ రోజు వెళ్ళాలి, ఎవరు ఏది ఎక్కగలరు, దేని తర్వాత ఏది ఎక్కాలి. ఈ మూడూ ఇంట్లో తేల్చుకోవాల్సినవే. గేటు దగ్గర ఎండలో నిలబడి తేల్చుకోవడం కుదరదు.

1. ముందు ఊరు తేల్చుకోండి: చెన్నైయా, హైదరాబాదా

నెల్లూరు, గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట వాళ్ళకు చెన్నై దగ్గర. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా తెరిచాక చెన్నైలోనూ పూర్తి స్థాయి పార్కు వచ్చింది. నెల్లూరు నుంచి సుమారు 220 కిలోమీటర్లు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వీజీపీ యూనివర్సల్ కింగ్‌డమ్, ముట్టుకాడు దగ్గర ఎంజీఎం డిజ్జీ వరల్డ్ పాత పార్కులు. పిల్లలు మరీ చిన్నవాళ్ళయితే భారీ రైడ్లతో ఎలాగూ పని ఉండదు కాబట్టి వీటి గురించి కూడా ఆలోచించండి.

ఒంగోలు వాళ్ళ లెక్క వేరు. చెన్నై పార్కుకు రోడ్డు మీద 330 కిలోమీటర్ల పైమాటే. రావిర్యాలలో 2016 నుంచి ఉన్న హైదరాబాద్ వండర్‌లాకూ దాదాపు అంతే దూరం. హైదరాబాద్ దారిలోనూ నగరంలోకి అడుగు పెట్టనక్కర్లేదు. అద్దంకి మీదుగా నార్కెట్‌పల్లి చేరి, విజయవాడ హైవే మీద పెద్ద అంబర్‌పేట దాకా వెళ్ళి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే రావిర్యాల ఎగ్జిట్ 13 దగ్గర దిగుతారు. మార్కాపురం, యర్రగొండపాలెం వాళ్ళకు ఇంకా సుళువు. మాచర్ల, నాగార్జునసాగర్, ఇబ్రహీంపట్నం మీదుగా వెళ్తే బొంగ్లూరు దగ్గర ఔటర్ తగులుతుంది, రావిర్యాల దాని పక్క ఎగ్జిట్టే.

రైల్లో అయితే నెల్లూరు, కావలి, ఒంగోలు వాళ్ళకు సింహపురి ఎక్స్‌ప్రెస్ అనుకూలం. రాత్రి ఎక్కి పడుకుంటే తెల్లవారేసరికి సికింద్రాబాద్. అక్కడి నుంచి పార్కుకు క్యాబ్ మాట్లాడుకోండి. చెన్నై వైపు పగటి రైళ్ళలో మధ్యాహ్నానికి చేరేవి ఎక్కువ. ఆ రోజే పార్కుకు వెళ్దామనుకుంటే వాటిని నమ్ముకోకండి. ముందురోజే చేరి బస చేసేవాళ్ళకు అవి బాగా పనికొస్తాయి.

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దవాళ్ళు ఉండి, కుర్రకారు ఒకరిద్దరే ఉంటే, రైడ్ల పార్కు కన్నా రామోజీ ఫిల్మ్ సిటీ మేలు. తిప్పి చూపించడానికి బస్సులుంటాయి, కూర్చుని చూసే ప్రదర్శనలుంటాయి. నార్కెట్‌పల్లి వైపు నుంచి వచ్చేవాళ్ళకు అది హైదరాబాద్ కన్నా ముందే, హైవే మీదే వస్తుంది.

ఒక్క రోజులో వెళ్ళి రావడం నెల్లూరు, దానికి దక్షిణాన ఉన్నవాళ్ళకే సాధ్యం. నెల్లూరుకు ఉత్తరాన ఉన్నవాళ్ళు ఒక రాత్రి బస పెట్టుకోవాలి. ఒంగోలు నుంచి తెల్లవారుజామున బయల్దేరి, ఆడి, అదే రాత్రి తిరిగి రావాలనుకోవడం ప్రమాదం. కారణం చివర్లో వస్తుంది.

2. టేపు తీసి పిల్లల ఎత్తు కొలవండి

అందరూ వదిలేసే పని ఇది. లోపల గొడవలకు మొదటి కారణమూ ఇదే. ఈ పార్కుల్లో పిల్లల టికెట్టును నిర్ణయించేది వయసు కాదు, ఎత్తు. వండర్‌లాలో 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకు టికెట్టు లేదు, 85 నుంచి 140 దాకా పిల్లల టికెట్టు, ఆపైన పెద్దల టికెట్టు. పదకొండేళ్ళ పిల్ల పొడగరి అయితే పెద్దల టికెట్టే.

కొలిచే పద్ధతి: చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి నిలబెట్టండి. జుట్టు ముడి ఉంటే విప్పండి. అట్ట బిగువుగా ఉన్న పుస్తకాన్ని నెత్తి మీద అడ్డంగా, గోడకు లంబంగా పెట్టి పెన్సిల్ గీత గీయండి. నేల నుంచి గీత దాకా టేపుతో కొలవండి. రెండుసార్లు కొలిస్తే తేడా తెలుస్తుంది. పార్కులో గేటు దగ్గరా, ఒక్కో రైడ్ దగ్గరా కొలిచే పట్టీ ఉంటుంది. ఒక్క సెంటీమీటరు తక్కువైనా ఆపుతారు.

టికెట్టు ఎత్తు వేరు, రైడ్ ఎత్తు వేరు. ప్రతి రైడ్‌కూ దాని కనీస ఎత్తు విడిగా ఉంటుంది. రోలర్ కోస్టర్ లాంటి భారీ రైడ్లకు 140 సెంటీమీటర్లు అడగడం మామూలే. చిన్నపిల్లల రైడ్లకు ఇంత ఎత్తు దాటకూడదన్న పరిమితి కూడా ఉంటుంది. మీ బాబు 138 సెంటీమీటర్లుంటే పిల్లల టికెట్టుతో కొంత డబ్బు మిగులుతుంది కానీ, వాడు కలగంటున్న కోస్టర్ మాత్రం దక్కదు. ఆ సంగతి ఇంట్లోనే చెప్పండి. పార్కు వెబ్‌సైట్లో ప్రతి రైడ్ పక్కనా ఎత్తు రాసి ఉంటుంది. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కగలిగినవి ఒక కాగితం మీద వాళ్ళ చేతే రాయించండి. క్యూలో ముప్పావుగంట నిలబడి, చివర్లో వెనక్కి పంపిస్తే ఏడ్చే ఏడుపుకు ఐస్‌క్రీం చాలదు.

ఆపరేటర్‌ను బతిమాలడం, బూట్లలో మడతపెట్టిన గుడ్డ పెట్టడం మాత్రం చేయకండి. సీటు మీదకు దిగే బిగింపును ఒక కొలత శరీరానికి సరిపోయేలా తయారు చేస్తారు. తలకిందులయ్యే చోట పిల్లవాడికీ బిగింపుకూ మధ్య సందు ఉంటే, ఆ సందులోంచి జారడానికి క్షణం చాలు. చెన్నై వండర్‌లాలోని తంజోరా లాంటి కోస్టర్లు పట్టాల కింద వేలాడుతూ పోతాయి. కాళ్ళ కింద నేల ఉండదు. అలాంటి చోట సెంటీమీటరు లెక్క ప్రాణం లెక్క.

పెద్దవాళ్ళ సంగతి కూడా ఇప్పుడే చూసుకోండి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, మెడ, నడుము నొప్పులు, మూర్ఛ, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, గర్భం ఉన్నవాళ్ళు భారీ రైడ్లు ఎక్కకూడదు. పార్కులు బోర్డు మీద రాస్తాయి కానీ ఒక్కొక్కరినీ అడిగి ఆపలేవు. అది మీ బాధ్యతే.

3. రోజును ఎంచుకోవడం

మంగళ, బుధ, గురువారాలు మంచివి. ఇంత వరకూ అందరికీ తెలిసిందే. మనకు అదనంగా ఒక వెసులుబాటు ఉంది. చెన్నై పార్కును నింపేది తమిళనాడు సెలవులు, మన సెలవులు కాదు. రెండు రాష్ట్రాల క్యాలెండర్ల మధ్య సందులు పట్టుకుంటే, మన పిల్లలకు బడి లేని రోజున అక్కడి పిల్లలు బడిలో ఉంటారు.

సంక్రాంతి సెలవులు మనకు భోగికి మూడు నాలుగు రోజుల ముందే మొదలవుతాయి. అక్కడ పొంగల్ సెలవులు పండగతోనే మొదలు. కాబట్టి భోగికి ముందు వచ్చే పనిదినాలు బంగారం. దసరాకు మనకు పదిరోజుల దాకా ఇస్తారు. వాళ్ళకు ఆయుధపూజ, విజయదశమి ముఖ్యం, క్వార్టర్లీ పరీక్షల సెలవులు దానికి కాస్త ముందో వెనకో కలుస్తాయి. మన దసరా సెలవుల్లో మొదటి రెండు మూడు రోజులు చాలాసార్లు ఖాళీగా దొరుకుతాయి. ఎండాకాలం సెలవుల తర్వాత మన బడులు మామూలుగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. తమిళనాడులో అంతకన్నా ముందే తెరిచిన సంవత్సరం ఆ మధ్య రోజులు మనవే. ఈ తేదీలు ఏటా మారతాయి కాబట్టి బుక్ చేసే ముందు రెండు రాష్ట్రాల బడి సెలవుల ఉత్తర్వులు చూసుకోండి.

అస్సలు వెళ్ళకూడని రోజు కానుమ్ పొంగల్. మన ముక్కనుమ ప్రాంతంలో వచ్చే ఆ రోజున చెన్నై మొత్తం రోడ్ల మీదే, బీచుల్లోనే, పార్కుల్లోనే ఉంటుంది.

ఇక వాతావరణం. మేలో ఎండలు ముదిరే అగ్నినక్షత్రం రోజుల్లో మధ్యాహ్నం కాంక్రీటు మీద అరికాలు పెట్టలేరు. అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. పిడుగులు పడే వాన వస్తే ఎత్తైన రైడ్లన్నీ ఆపేస్తారు. అంత మాత్రాన టికెట్టు డబ్బు వెనక్కి వస్తుందనుకోకండి, బుక్ చేసేటప్పుడే ఆ షరతు చదవండి. మన వైపు హైవే కూడా ఆ కాలంలో నమ్మదగింది కాదు. 2021 నవంబరు వరదల్లో కోవూరు, పడుగుపాడు దగ్గర హైవే, రైలు మార్గం రెండూ దెబ్బతిని రాకపోకలు ఆగిపోయాయి. బంగాళాఖాతంలో వాయుగుండం అని వాతావరణ శాఖ చెప్తే తేదీ మార్చుకోండి. అన్ని విధాలా అనువైనవి జనవరి, ఫిబ్రవరి పనిదినాలు. జూలై, ఆగస్టు కూడా పరవాలేదు.

4. టికెట్టు

పార్కు సొంత వెబ్‌సైట్లోనే కొనండి. గూగుల్లో పైన కనిపించే ప్రకటన లింకులను నొక్కి కాకుండా, అడ్రస్ టైప్ చేసి వెళ్ళండి. ముందుగా ఆన్‌లైన్లో కొంటే గేటు రేటు కన్నా తగ్గడం మామూలే. కాలేజీ విద్యార్థులకు, అరవై దాటినవాళ్ళకు, పుట్టినరోజు ఉన్నవాళ్ళకు రాయితీలుంటాయి. వాటన్నిటికీ ఒరిజినల్ గుర్తింపు కార్డు చూపాలి. ఫోన్లో ఫోటో చూపిస్తే ఒప్పుకోకపోవచ్చు. నాయనమ్మ ఆధార్ కార్డు ఇంట్లో బీరువాలో ఉండిపోతే రాయితీ పోయినట్టే.

రైడ్ ఎక్కనివాళ్ళకు కూడా ప్రవేశ టికెట్టు కావాలి. "నేను ఊరికే కూర్చుంటా"నని తాతయ్య అన్నా కొనాల్సిందే.

క్యూ తప్పించే ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఖరీదు ఎక్కువ. పనిదినాల్లో అది దండగ. సెలవు రోజున తప్పనిసరై వెళ్తుంటే మాత్రం ఆలోచించండి, అదీ అందరికీ కాదు. ఇందాక రాసిన ఎత్తుల కాగితం తీసి చూడండి. ఆరుగురిలో పెద్ద రైడ్లు ఎక్కేది ముగ్గురే అయితే ఆ ముగ్గురికే కొనండి. చిన్నపిల్లల రైడ్ల దగ్గర క్యూ ఎలాగూ తక్కువ.

5. బట్టలు, బంగారం

నీటి రైడ్లకు నైలాన్, పాలియెస్టర్ బట్టలే అనుమతిస్తారు. చీర, చుడీదార్, జీన్స్, బనియన్, లుంగీ, కాటన్ టీ షర్టు కుదరవు. కాటన్ నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, దారాలు ఊడి ఫిల్టర్లకు అడ్డం పడతాయి, రంగు వదులుతుంది. జిప్పులు, మెటల్ బొత్తాలు ఫైబర్ స్లైడ్‌ను గీసి తర్వాత వచ్చేవాళ్ళ వీపు కోస్తాయి. నియమం న్యాయమైనదే. ఇబ్బందల్లా పార్కు లోపల కొనాల్సి వస్తే అయ్యే ఖర్చే. ఐదుగురికి అక్కడ కొంటే ఇంకో టికెట్టంత అవుతుంది.

కాబట్టి వారం ముందే ఊళ్ళోనే కొనండి. మగవాళ్ళకు, పిల్లలకు ఆటల జెర్సీ, పాలియెస్టర్ నిక్కరు చాలు. ఆడవాళ్ళకు పొడుగు చేతుల నైలాన్ టీ షర్టు, నిండు లెగ్గింగ్ సౌకర్యంగా ఉంటాయి, ఎండ నుంచి చర్మాన్నీ కాపాడతాయి. లెగ్గింగుల దగ్గరే మోసపోతారు. బజార్లో దొరికేవి చాలావరకు కాటన్ కలిసినవి. లోపలి పట్టీ మీద ఏ దారం ఎంత శాతమో రాసి ఉంటుంది, చదవండి. పట్టీ లేకపోతే ఒక నీటి చుక్క వేయండి. వెంటనే పీల్చుకుంటే కాటన్ కలిసిందని అనుమానించాలి. ఇంట్లో అందరికీ ఒకే రంగు జెర్సీలు తీసుకుంటే గుంపులో వెతుక్కోవడం తేలిక.

బంగారం ఇంట్లోనే. వేవ్ పూల్‌లో జారిన గొలుసు మళ్ళీ దొరకడం అరుదు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పనివాళ్ళు ఆ రోజుకు పసుపుతాడు వేసుకోవచ్చు. గొలుసు స్లైడ్ అంచుకు తగిలితే మెడకే ప్రమాదం. మెట్టెలు వదులుగా ఉంటే తీసి పెట్టండి. పిన్నీసులు, పదునైన క్లిప్పులు వద్దు. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళు వెనక కట్టుకునే తాడు తెచ్చుకోండి. అయినా భారీ రైడ్లలో తీయమంటారు.

చెప్పులు రబ్బరువి, తడిసినా పరవాలేనివి తెచ్చుకోండి. నీటి రైడ్ల మధ్య నడిచేటప్పుడు కాళ్ళు కాలేది అక్కడే.

6. బయల్దేరడం

నెల్లూరు నుంచి ఉదయం 5 గంటలకు బండి కదలాలి. 7 దాటేసరికి సూళ్ళూరుపేట, తడ ప్రాంతంలో టిఫిన్‌కు అరగంట. రెడ్‌హిల్స్ లోపలికి దూరకండి. అక్కడ చెన్నైలోకి వెళ్తే నగరాన్ని అడ్డంగా దాటాలి, రెండు గంటలు పోతాయి. రెడ్‌హిల్స్ రాకముందే మీంజూరు నుంచి వండలూరు వెళ్ళే చెన్నై ఔటర్ రింగ్ రోడ్డు హైవేను దాటుతుంది. దాన్ని ఎక్కి చివరి దాకా వెళ్తే వండలూరు. అక్కడి నుంచి కేలంబాక్కం రోడ్డు, ఆ తర్వాత తిరుప్పోరూరు వైపు. మ్యాపు కొన్నిసార్లు నగరం మీదుగా దగ్గర దారి చూపిస్తుంది. వండలూరును మధ్యలో ఒక మజిలీగా పెట్టుకుంటే ఆ తిప్పలుండవు. ఈ లెక్కన పదింపావు, పదిన్నరకు పార్కింగులో ఉంటారు. ఓడరేవుల లారీలు ఆ దారిలో ఎక్కువ, అందుకే తెల్లవారుజామున బయల్దేరమనడం.

పెట్రోలు నెల్లూరులో నిండుగా కొట్టించకండి. తడ దాటి గుమ్మిడిపూండి వైపు వెళ్ళేదాకా సరిపోయేంత చాలు. తమిళనాడులో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. రానుపోనూ సుమారు 440 కిలోమీటర్లు, లీటరుకు పదిహేను ఇచ్చే బండికి ముప్ఫై లీటర్ల దాకా పడుతుంది కాబట్టి తేడా టోల్ ఖర్చులో కొంత తీరుస్తుంది. ఫాస్టాగ్‌లో డబ్బు ముందురోజే వేయండి.

బాడుగ బండి అయితే, తమిళనాడు పర్మిట్ ఖర్చు మాట్లాడుకున్న రేటులో కలిసిందా లేదా అన్నది ముందే తేల్చండి. తెల్ల నంబరు ప్లేటు బండిని బాడుగకు తీసుకెళ్తే తడ దాటాక తనిఖీలో ఆపితే పార్కు రోజు అక్కడే ముగుస్తుంది.

తిండి విషయంలో ఒక్కటి గుర్తుంచుకోండి. బయటి తిండిని గేటు లోపలికి రానివ్వరు. పసిపిల్లల పాలు, మందులు మాత్రం చెప్పి తీసుకెళ్ళవచ్చు. కాబట్టి ఇంటి నుంచి తెచ్చేది గేటు దగ్గరికి వచ్చేలోపే అయిపోవాలి. మిగిలింది సాయంత్రానికి పనికొస్తుందని కారులో పెట్టకండి. మూసిన కారు ఎండలో పెరుగన్నాన్ని రెండు మూడు గంటల్లో పాడు చేస్తుంది. ఉదయానికి ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి మంచి జోడీ. కొబ్బరి చట్నీ ప్రయాణానికి పనికిరాదు, త్వరగా పులుస్తుంది. పదిన్నరకు పార్కింగులో ప్రతి ఒక్కరూ నాలుగు ముద్దలు చింతపండు పులిహోర తింటే మధ్యాహ్న భోజనం దాకా లోపల తిండి వెతుక్కోనక్కర్లేదు. కడుపు నిండా తినకూడదు, ఖాళీగానూ ఉండకూడదు. రెంటికీ రైడ్ మీద వాంతి వస్తుంది.

ఖాళీ నీళ్ళ సీసాలు తీసుకెళ్ళండి, లోపల తాగునీటి కుళాయిలుంటాయి. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు, లీటరు నీళ్ళకు ఒకటి కలిపేవి, నాలుగు ఉంచుకోండి. తియ్యటి జ్యూస్ డబ్బాలు దానికి ప్రత్యామ్నాయం కాదు.

7. లోపల అడుగుపెట్టాక

తెరిచిన మొదటి గంట రోజు మొత్తంలో విలువైనది. జనం గేటు దాటగానే మొదట కనిపించిన రైడ్ దగ్గర ఆగిపోతారు. మీరు మాత్రం ఫోటోలు కూడా తర్వాతకు పెట్టుకుని నేరుగా మీ జాబితాలో అన్నిటికన్నా పెద్ద రైడ్ దగ్గరికి వెళ్ళండి. అది సాధారణంగా లోపలి వైపే ఉంటుంది. ఆ గంటలో మూడు భారీ రైడ్లు అయిపోతే మిగతా రోజంతా తొందర ఉండదు.

క్యూలో నిలబడాలా వద్దా అన్నది కంటిచూపుతో తేల్చకండి, లెక్కతో తేల్చండి. రైడ్‌లో ఎన్ని సీట్లు, ఒకసారి ఎక్కించి, తిప్పి, దింపడానికి ఎన్ని నిమిషాలు అని ఒక్క రౌండు గమనించండి. సీట్లు 24, రౌండుకు 4 నిమిషాలు, మీ ముందు 240 మంది ఉన్నారనుకుందాం. పది రౌండ్లు, నలభై నిమిషాలు. అదే పక్కన 60 మందితో చిన్నగా కనిపించే క్యూలో సీట్లు 8, రౌండుకు 5 నిమిషాలయితే, అది కూడా దాదాపు నలభై నిమిషాలే. చిన్న క్యూ అని వెళ్ళి మోసపోయేది ఇక్కడే. ముప్పై నిమిషాలు దాటితే వదిలి, సాయంత్రం చివరి గంటలో రండి. పసిపిల్లలున్న కుటుంబాలు ఐదింటికే బయల్దేరతాయి, క్యూలు తగ్గుతాయి.

పొడి రైడ్లు, నీటి రైడ్ల మధ్య ఒక్కసారే మారండి, మహా అయితే రెండుసార్లు. తడి బట్టలతో చాలా పొడి రైడ్లు ఎక్కనివ్వరు. ఐదుగురు బట్టలు మార్చుకుని, లాకరు తెరిచి మూసి బయటపడేసరికి అరగంటకు పైగా పోతుంది. మంచి క్రమం ఇది: 11 నుంచి 12:15 దాకా పొడి రైడ్లు, వెంటనే జనం కన్నా ముందు భోజనం, ఓ ముప్పావుగంట నీడలో తేలికైన రైడ్లో ప్రదర్శనో, రెండింటికి నీళ్ళలోకి, నాలుగుకు బయటికి, పొడి బట్టలతో చివరి రెండు గంటలు మళ్ళీ పొడి రైడ్లు. నీటి రైడ్లను పార్కు మూసే సమయానికి ముందే ఆపేస్తారు. ఆ సమయం లోపలికి వచ్చేటప్పుడే బోర్డు మీద చూసుకోండి. నాలుగున్నరకు వెళ్దాంలే అనుకున్నవాళ్ళు నష్టపోతారు.

సన్‌స్క్రీన్ నీళ్ళలోకి దిగడానికి ఇరవై నిమిషాల ముందు రాయాలి. రాసిన వెంటనే దిగితే కొట్టుకుపోతుంది.

వేవ్ పూల్‌లో అలలు కొంతసేపు వస్తాయి, కొంతసేపు ఆగుతాయి. అలలు మొదలయ్యే ముందు సైరన్ లాంటి సంకేతం ఇస్తారు. అప్పుడు ఐదడుగుల లోపు పిల్లలు నడుము లోతు దాటి ఉండకూడదు, ఒక పెద్ద చేయి పిల్లవాడి చేతిని పట్టుకునే ఉండాలి. లైఫ్‌గార్డు ఉన్నాడన్న ధీమా వద్దు. నూరుమంది తలల మధ్య మీ పిల్లవాణ్ణి చూడాల్సింది మీరే. ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఎవరి వంతు ఎవరిదో మాటతో చెప్పుకోండి: "ఇప్పుడు నేను చూస్తున్నా", "ఇక నువ్వు చూడు". ఇద్దరూ చూస్తున్నారనుకున్న క్షణంలో ఎవరూ చూడరు.

ఫోన్లు లాకర్లో ఉంటాయి కాబట్టి విడిపోతే కలిసే చోటు, సమయం ముందే అనుకోండి. "జెయింట్ వీల్ కింద, ప్రతి గంటకూ" అంటే చాలు. పెద్దవాళ్ళలో ఒకరికి మామూలు చేతిగడియారం ఉండాలి. చిన్నపిల్లల ముంజేతి మీద చెరగని మార్కరుతో ఫోన్ నంబరు రాయండి. తప్పిపోతే ఎవరినో పడితే వాళ్ళను కాక యూనిఫాం వేసుకున్నవాళ్ళను అడగాలని, అమ్మానాన్నల పూర్తి పేర్లు చెప్పాలని నేర్పించండి. చెన్నైలో మైకులో చెప్పేది తమిళం, ఇంగ్లీషు కావచ్చు, పిల్లలకు అర్థం కాకపోవచ్చు.

8. నాయనమ్మ, తాతయ్యల కోసం

చాలా కుటుంబాల్లో పెద్దవాళ్ళు సంచులకు కాపలాగా మిగిలిపోతారు. టికెట్టు కొని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టడం మంచిది కాదు. లాకరు తీసుకోండి, వాళ్ళ చేతులు ఖాళీగా ఉంచండి. జెయింట్ వీల్, బొమ్మ రైలు, కూర్చుని చూసే త్రీడీ సినిమాలు, పిల్లల రంగులరాట్నం దగ్గర మనవళ్ళ పక్క సీటు, ఇవన్నీ వాళ్ళు ఎక్కగలిగినవే. మీ కాగితం మీద వాళ్ళకూ ఒక వరస రాయండి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా వాళ్ళను ఏసీ ఉన్న రెస్టారెంటులోనో ప్రదర్శన హాల్లోనో ఉంచండి. బీపీ, షుగరు మాత్రలు వాళ్ళ సంచిలోనే ఉండాలి, లాకర్లో కాదు. షుగరు ఉన్నవాళ్ళు భోజనం ఆలస్యం చేయకూడదు. మోకాళ్ళ నొప్పులుంటే చక్రాల కుర్చీ ఉందేమో గేటు దగ్గరే అడగండి.

9. తిరుగు ప్రయాణం

అసలు ప్రమాదం రైడ్ల మీద కాదు, తిరిగి వచ్చే దారిలో ఉంది. నాలుగింటికి లేచి, ఐదు గంటలు బండి నడిపి, ఏడు గంటలు ఎండలో, నీళ్ళలో తిరిగిన మనిషి రాత్రి పూట మళ్ళీ 220 కిలోమీటర్లు నడపడమంటే నిద్రను పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నట్టే. నాయుడుపేట, గూడూరు మధ్య సూటి రోడ్డు, అందరూ నిద్రపోతున్న బండి, రెప్ప వాలడానికి ఇంతకన్నా అనువైన చోటు లేదు. కాఫీ, కిటికీ గాలి, పాటలు నిద్రను ఆపలేవు, కొంచెం వాయిదా వేస్తాయంతే.

మార్గాలు మూడే. డ్రైవర్‌ను పెట్టుకోండి, అతనికి పగలు నిద్రపోయే చోటు చూపించండి, పార్కింగులో ఎండలో బండిలో కాదు. లేదా నడిపే మనిషి ఐదు గంటలకే ఆట ఆపి స్నానం చేసి, గంట పడుకుని బయల్దేరాలి, మధ్యలో ఇంకొకరు స్టీరింగ్ అందుకోవాలి. లేదా వండలూరు, తాంబరం వైపు రాత్రి ఉండిపోండి. ఒంగోలు వాళ్ళకు ఇదొక్కటే దారి. ఉండిపోతే మర్నాడు వండలూరు అరిజ్ఞర్ అన్నా జూ చూసి రావచ్చు. మంగళవారం జూకు సెలవు కాబట్టి పార్కుకు సోమవారం కాకుండా మంగళవారం వెళ్ళి, బుధవారం జూకు కేటాయించండి.

బయల్దేరే ముందు పిల్లలందరినీ మంచినీళ్ళతో తల కడిగి, చెవులు తుడిచి, పొడి బట్టలు వేయండి. క్లోరిన్ నీళ్ళు వంటి మీద ఆరితే రాత్రంతా దురద. తడి బట్టలకు ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి విడిగా పెట్టుకోండి, ఇంటికి రాగానే ఉతకండి. పాలియెస్టర్ మూటలో రెండు రోజులుంటే వాసన వదలదు.

లాకరు తాళం వెనక్కిచ్చి, డిపాజిట్ కట్టి ఉంటే అది తీసుకుని, అందరి ఫోన్లు, కళ్ళజోళ్ళు, మందుల సంచి లెక్క చూసుకున్నాకే గేటు దాటండి. బయటికి వచ్చాక మళ్ళీ లోపలికి రానివ్వరు.